కేసు లేదంటే వదిలేస్తారనుకోకండి

"అబ్బయా, మావాడి మీద కేసే లేదంట. రేపో ఎల్లుండో వదిలేస్తారు గదా?"

సెలవులకి కావలి వచ్చినప్పుడు మా వీధిలో ఒకాయన అడిగాడు. వాళ్ల పిల్లాడు అమెరికాలో ఇమ్మిగ్రేషన్ డిటెన్షన్‌లో ఉన్నాడు. తెలిసిన ఎస్సై ఎవరో, 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాల్సిందేనని ధైర్యం చెప్పాడట.

ఎస్సై చెప్పింది మన రాజ్యాంగం 22వ అధికరణం. ఇక్కడైనా అది అందరికీ వర్తించదు. ముందస్తు నిర్బంధం కింద తీసుకుంటే సలహా మండలితో పనిలేకుండా మూడు నెలలు ఉంచొచ్చు. పీడీ యాక్టంటే మనవైపు ఊరికే హడలిపోరు.

అమెరికాలో ఇమ్మిగ్రేషన్ కస్టడీ సివిల్ వ్యవహారం. అందుకే కేసు లేదన్న మాట విని సంబరపడొద్దు. క్రిమినల్ కేసైతే డబ్బుల్లేనివాడికి సర్కారే లాయర్ని పెడుతుంది. ఇందులో లాయర్ ఖర్చు మనదే. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి యూనివర్సిటీతో అధికారులు వేసిన వల లాగితే, మొదటి విడతలోనే 129 మంది మనదేశం పిల్లలు దొరికారు. వాళ్లలో చాలామంది తెలుగువాళ్లే. క్రిమినల్ కేసులు ఎనిమిది మంది దళారుల మీదే పెట్టారు. కేసుల్లేని పిల్లలేమో లోపల కూర్చున్నారు.

మరి హద్దే లేదా? ఉంది, కాకపోతే సందులెక్కువ. వారెంటు లేకుండా పట్టుకుంటే మామూలుగా 48 గంటల్లో ఉంచాలా వదలాలా తేల్చాలి. తేల్చేది జడ్జి కాదు, వాళ్ల ఆఫీసరే. తర్వాత బాండ్, అంటే పూచీగా డబ్బు కట్టి బయటికి రావడం, అడగొచ్చు. అది 1,500 డాలర్లకి తగ్గదు, అందరికీ దొరకదు కూడా. వీసా మీద దిగి లోపలున్నవాడికి ఆశ ఉంటుంది, దొడ్డిదారిన దాటినవాడికి మాత్రం చాలా కష్టం. పంపించేయమని ఆర్డరయ్యాక పంపడానికి 90 రోజుల గడువు. ఆరు నెలలు దాటి, పంపే దారి దగ్గర్లో కనిపించకపోతే వదలాలని 2001లో సుప్రీంకోర్టు జడ్విదాస్ తీర్పులో చెప్పింది. మనవాళ్లకి ఇండియా ప్రయాణ పత్రం ఇచ్చేస్తే ఆ వాదన నిలవదు. అన్యాయంగా ఉంచారనుకుంటే ఫెడరల్ కోర్టులో హేబియస్ కార్పస్ వేయొచ్చు.

కొత్తగా వెళ్లే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అర్థంకాని కాగితం మీద సంతకం పెట్టొద్దు. స్వచ్ఛందంగా వెళ్లిపోతానన్న కాగితం అందులోనే ఉండొచ్చు. మన కాన్సులేట్‌కి వాళ్లంతట వాళ్లు చెప్పాలని లేదు, చెప్పమని మీరే అడగాలి. ఇంట్లోవాళ్లకి ముందు ఎ-నంబరు, అంటే ఇమ్మిగ్రేషన్ వాళ్లు మీకిచ్చే ఫైలు నంబరు, చెప్పండి. ఎక్కడున్నారో వెతకాలన్నా, లాయర్ కదలాలన్నా అదే కావాలి.

మా వీధి ఆయన ఆ నంబరు పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీద రాసుకున్నాడు. తొమ్మిది అంకెలుండాలి, లెక్కపెడితే ఏడే ఉన్నాయి. అర్ధరాత్రి ఫోన్, నిద్రమత్తు. మళ్లీ పిల్లాడు ఫోన్ చేసేదాకా రెండు రోజులు ఆగాల్సొచ్చింది.