వీధిలో నాటిన మొక్క చెట్టు కావాలంటే

ఏటా వానల్లో మొక్కలు నాటుతున్నాం, వేసవి దాటేసరికి ఒక్కటీ మిగలడం లేదు, ఊళ్లో చెట్లు పెంచడం అసలు అయ్యే పనేనా అని అడిగారు. తప్పకుండా అవుతుంది. మాది విశాఖపట్నం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా వీధిలో నీడన్నది లేకుండా చేసింది. తురాయి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. ఇప్పుడు అదే వీధిలో కూరగాయల బండి మధ్యాహ్నం పూట కానుగల కింద ఆగుతోంది.

నాటడం పెద్ద పని కాదు. వీధికి మాత్రం మోకాలెత్తు మొక్క వద్దు, మనిషెత్తుది తెచ్చుకోండి. కవరు పూర్తిగా తీసేసి, అడుగున చుట్టుకుపోయిన వేళ్లుంటే విడదీసి పెట్టండి. లేకపోతే పెద్దయ్యాక గాలికి నిలబడదు.

అసలు కష్టం నీళ్ల దగ్గరే. మొదటి రెండు మూడు వేసవులు గట్టెక్కించాలి. రోజూ చెంబెడు పోస్తే పైమట్టి తడుస్తుందంతే, వేళ్లు కూడా పైపైనే ఉండిపోతాయి. వారానికి రెండుసార్లయినా బకెట్ల కొద్దీ నిదానంగా ఇంకేలా పోయండి, వేళ్లు నీటి కోసం లోతుకు దిగుతాయి. మొక్క మొదలు చుట్టూ రాలిన ఆకులు పరిస్తే తడి త్వరగా ఆరదు. మేం ఒక్కో మొక్కని ఒక్కో ఇంటికి అప్పగించాం. అందరిదీ అనుకున్న మొక్కని ఎవరూ పట్టించుకోరు. అదే 'మామ్మగారి వేప' అని పేరు పడ్డాక, ఆవిడ ఊరెళ్లినా పక్కింటివాళ్లు నీళ్లు పోశారు.

నర్సరీలో త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ అనే విదేశీ మొక్కని అంటగడితే తీసుకోకండి. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నిషేధించింది. వేప, కానుగ, నేరేడు మన నేలకి అలవాటైన చెట్లు. కరెంటు తీగల కింద మాత్రం దేవకాంచనం, పారిజాతం లాంటి పొట్టివి పెట్టండి. వేప పెట్టి ఏటా తల నరికించుకోవడం ఎందుకు?

ఇక నాకు నిజంగా బాధ కలిగించేది సిమెంటు. కొత్త రోడ్డు వేసేటప్పుడు చెట్టు మొదలంటా కాంక్రీటు పోసేస్తారు. వేళ్లకి గాలీ ఉండదు, వాన నీరూ దిగదు. అప్పుడు చెట్టు వెంటనే చావదు, కొన్నేళ్లపాటు ఎండుతూ పోతుంది. 2013లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించింది. మా వీధిలో పని మొదలైనప్పుడు నలుగురం వెళ్లి ఆ మాటే చెప్పి, ప్రతి చెట్టుకీ మీటరు మట్టి వదిలించుకున్నాం. పోసే ముందు అడిగితే వింటారు, పోశాక ఎవరూ పగలగొట్టరు.

ఉన్న పెద్ద చెట్టుని నిలుపుకోవడం కూడా ఈ పనిలో భాగమే. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో వచ్చిన వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి ఉండాలి. ఎవరైనా రంపంతో వస్తే గొడవ పడకండి, అనుమతి కాగితం చూపించమని మర్యాదగా అడగండి. అది లేదంటే అటవీ శాఖకి ఫోన్ చేయండి.