ఔలు మంచులో సైకిల్: ముందు చక్రం జాగ్రత్త తమ్ముడూ

తమ్ముడూ, గుంటూరు నుంచి ఫిన్లాండ్ ఔలుకి చదువుకోడానికి వెళ్లావు. సైకిల్ దారి మీద మంచు పూర్తిగా తీయకుండా తెల్లగా వదిలేస్తున్నారు, తొక్కడమెలా అని అడిగావు. మాది విజయవాడ. ఔలులో రెండు చలికాలాలు తొక్కి వచ్చాను కాబట్టి చెబుతున్నా.

అది నిర్లక్ష్యం కాదు, కావాలనే అలా ఉంచుతారు. మంచు తీసే బండి పైమంచును తోసేస్తుంది, అడుగు పొర గట్టిగా అణిగిపోతుంది. మైనస్ 10 దగ్గర ఆ పొర మీద టైరుకి పట్టు బాగానే దొరుకుతుంది. అంత చలిలో మామూలు ఉప్పు పెద్దగా పనిచేయదు, అందుకే సన్న కంకర చల్లుతారు. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో చలి తక్కువ, అక్కడ ఉప్పుతో నడిచిపోతుంది. అక్కడి దారుల ఫొటోలు చూసి పోల్చుకోకు.

అసలు టెన్షన్ సున్నా డిగ్రీల దగ్గరే. పగలు కరిగింది రాత్రి గడ్డకడితే దారి అద్దమైపోతుంది. నేను మార్చిలో పడ్డాను, అదీ చేతినిండా కూరగాయల సంచితో! మేకుల టైర్లు (జారకుండా చిన్న మేకులు బిగించినవి) రెండూ కొనలేకపోతే ముందు చక్రానికైనా వేయించు. వెనకది జారితే కాలు ఆనించుకోవచ్చు, ముందుది జారితే పడ్డట్టే. మామూలు టైర్లయితే గాలి కాస్త తగ్గించు. మలుపులో బ్రేకు నొక్కకు, ముందే నెమ్మదించు. డిసెంబరు చివర్లో పగలు 4 గంటలు కూడా ఉండదు, లైట్లు తప్పనిసరి.

ఆ కంకర వసంతంలో ఊడ్చేదాకా పంక్చర్లు చేస్తూనే ఉంటుంది. ట్యూబు ఒకటి సంచిలో పెట్టుకో. మన బందరు రోడ్డులా పంక్చరు షాపు వెతుకుదామంటే కుదరదక్కడ.