పాత కంప్యూటర్ కొని బాగుచేసుకోవాలని ఉంది, ఏది కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటిసారి అయితే అరుదైన దాని జోలికి పోకండి, ఎక్కువమంది వాడినదే కొనండి. నాది బీబీసీ మైక్రో మోడల్ బి, ఇంగ్లండ్ నుంచి మా బావగారు వస్తూ సామానులో పెట్టుకొచ్చారు. 1981లో కేంబ్రిడ్జ్‌లోని ఎకార్న్ కంపెనీ తెచ్చిన ఈ మిషన్ పది లక్షలకు పైగా అమ్ముడైంది, కాబట్టి సర్క్యూట్ డయాగ్రామ్ సులువుగా దొరుకుతుంది, పైగా ముఖ్యమైన చిప్పులు చాలావరకు సాకెట్లలోనే ఉంటాయి, అంటే సోల్డరింగ్ లేకుండా తీసి పెట్టొచ్చు. 80ల్లో బడిపిల్లలకు కంప్యూటర్ నేర్పే క్లాస్ (CLASS) అనే ప్రభుత్వ ప్రాజెక్టు కింద మన దేశంలో బడులకు వచ్చినవీ ఇవే, ఆ ఎర్ర ఫంక్షన్ కీలు నొక్కినవాళ్లు మనలోనూ ఉంటారు.

ఇంటికి రాగానే ఆత్రంగా ప్లగ్గు పెట్టేయకండి, నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. "ఫిక్స్" అని రాసి ఉన్న స్క్రూలు తీస్తే పై మూత వచ్చేస్తుంది, ఎడమవైపున్న డబ్బా పవర్ సప్లై. అందులో కరెంటు లోపలికి వచ్చేచోట తేనెరంగు ప్లాస్టిక్‌లో రీఫా అనే కంపెనీ కెపాసిటర్లు (కరెంటును కాసేపు దాచే భాగాలు) ఉంటాయి, టార్చి వేసి చూస్తే పైన వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తాయి. లోపల ఉన్నది కాగితం, ఏళ్ల తరబడి ఆ పగుళ్లలోంచి తేమ పీల్చుకుంటుంది, కరెంటు పెట్టిన కాసేపటికి షార్టై ఇల్లంతా ఘాటు పొగ. పగుళ్లు లేకపోయినా మార్చేయండి. అదే విలువ గల ఎక్స్2 రకం (నేరుగా మెయిన్స్ కరెంటు మీద వాడేందుకు చేసినవి) అడగండి, నాకు కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి. ఒక్క జాగ్రత్త, ప్లగ్గు పీకాక కూడా పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు, మల్టీమీటర్‌తో చూసుకోకుండా చెయ్యి పెట్టొద్దు. సోల్డరింగ్ అలవాటు లేకపోతే ఈ పని మాత్రం టీవీ మెకానిక్‌తో చేయించండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు.

తర్వాత పవర్ సప్లై నుంచి 5 వోల్టులు సరిగ్గా వస్తున్నాయో చూసుకుని బోర్డుకు కలపండి. ఆన్ చేయగానే "బూ... బీప్" అని రెండు స్వరాలు వస్తే సగం గెలిచినట్టే. మొదటి స్వరం సౌండ్ చిప్ తనంతట తాను చేసేది, ప్రాసెసర్ లేచి దాని నోరు మూయించాలి, అందుకే ఆ "బూ" ఆగకుండా మోగుతుంటే ప్రాసెసర్ నడవట్లేదని అర్థం. నా మిషన్ అలాగే మోగింది. సాకెట్లలోని చిప్పుల్ని ఒక్కొక్కటే మెల్లగా పైకి లేపి, నల్లబడ్డ కాళ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాను, అంతే, రెండో స్వరం పలికింది! ఆ సంతోషం కోసమైనా ఈ పని చేయొచ్చు.

పసుపెక్కిన మూతను పెరాక్సైడ్ పూసి ఎండబెట్టి తెల్లగా చేయమంటారు చాలామంది, నేను చేయలేదు, ఆ రంగు దాని వయసు, ఉండనివ్వండి. మానిటర్ గురించి ముందే చూసుకోండి, ఇది పాత టీవీల తరహా 15 కిలోహెర్ట్జ్ సిగ్నల్, మామూలు వీజీఏ మానిటర్లలో బొమ్మ రాదు, వీడియో ఇన్‌పుట్ ఉన్న పాత టీవీ అయితే బ్లాక్ అండ్ వైట్‌లో వెంటనే కనిపిస్తుంది. ప్రోగ్రాములు ఎక్కించే పాత క్యాసెట్ల కోసం వెతుక్కోనక్కర్లేదు, యూజర్ పోర్టుకు (బయటి పరికరాలు కలిపే సాకెట్‌కు) తగిలించే ఎస్‌డీ కార్డు బోర్డులు ఇప్పుడు దొరుకుతున్నాయి.