ఖాళీ డ్రైవ్ ఉన్న థింక్‌ప్యాడ్‌లో విండోస్ ఎక్కించడం

మీరు సెకండ్ హ్యాండ్‌లో కొన్న థింక్‌ప్యాడ్ టీ480 ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే బూట్ మెనూ (దేన్నుంచి స్టార్ట్ అవ్వాలో అడిగే జాబితా) తప్ప ఇంకేమీ రావట్లేదు, ల్యాప్‌టాప్ పోయిందేమో అన్నారు. పోలేదండీ, టెన్షన్ వద్దు. అమ్మినతను డ్రైవ్ మొత్తం తుడిచేసి ఇచ్చాడు, అంతే. నిజానికి అదే మంచిది, పాత చెత్త మీ నెత్తిన పడలేదు.

ముందు ఆన్ చేస్తూనే ఎఫ్1 నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే మెషీన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే మాత్రం వెంటనే అమ్మినతన్ని పట్టుకోండి. థింక్‌ప్యాడ్‌లో ఈ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ (బయోస్‌కి వేసే తాళం) తీయడం మనవల్ల అయ్యే పని కాదు. అడగకపోతే అక్కడ ఎస్ఎస్‌డీ (లోపలున్న స్టోరేజ్ డ్రైవ్) పేరు కనిపిస్తోందో లేదో చూసుకోండి.

తర్వాత స్నేహితుల కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, దాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ 11 ఇన్‌స్టాలర్ ఎక్కించండి. పెన్‌డ్రైవ్‌లో పెళ్లి ఫొటోలుంటే ముందే వేరే చోటికి కాపీ చేసుకోండి, అన్నీ పోతాయి. దాన్ని ల్యాప్‌టాప్‌కి పెట్టి, ఆన్ చేస్తూనే ఎఫ్12 కొడుతూ ఉంటే బూట్ మెనూ వస్తుంది, అందులో పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. విండోస్ ఏ డ్రైవ్‌లో వేయాలో అడిగే చోట 'అన్‌అలోకేటెడ్ స్పేస్' (ఖాళీ స్థలం) అని ఉంటుంది. దాన్ని భాగాలుగా (పార్టిషన్లుగా) చేయక్కర్లేదు, అదే ఎంచుకుని నెక్స్ట్ కొట్టండి.

విండోస్ కీ (లైసెన్స్ నంబర్) కోసం డబ్బులు పెట్టకండి. విండోస్‌తో వచ్చిన మెషీన్ అయితే కీ బయోస్‌లోనే ఉంటుంది, నెట్ తగలగానే మామూలుగా దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

మీది ఏడో తరం ప్రాసెసర్ అయితే విండోస్ 11కి అధికారిక సపోర్ట్ లేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అప్పుడు నేనైతే విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటా.