మీ ప్రశ్నలకు జవాబులు: అడపాదడపా వాడే ఇంటికి ఏ ప్రింటర్?

ప్రశ్న: పిల్లల ప్రాజెక్టుల కోసం రెండేళ్ల కిందట రంగుల ఇంక్‌ట్యాంక్ ప్రింటర్ కొన్నాం. వేసవి సెలవులు, ఊరెళ్లడం అన్నీ కలిసి మూడు నెలలు దాన్ని ముట్టుకోలేదు. ఇప్పుడు అక్షరాల మధ్య తెల్ల గీతలు పడుతున్నాయి, పసుపు రంగు అసలే రావడం లేదు. హెడ్ క్లీనింగ్ వరసగా ఆరుసార్లు కొట్టాను. ట్యాంకుల్లో ఇంకు తగ్గిందే తప్ప ఫలితం లేదు. ఏం చేయాలి?
– ఎస్.ఎల్., రాజమహేంద్రవరం

జవాబు: ముందు ఏడోసారి కొట్టడం ఆపండి. ప్రింట్ హెడ్‌లో ఇంకు చిమ్మే రంధ్రాలు తల వెంట్రుక కంటే సన్నగా ఉంటాయి. వాడకుండా వదిలేస్తే ఇంకులోని నీరు ఆవిరై, మిగిలిన రంగు చివర్లో గట్టిపడుతుంది. ఎండిన ఆ బిరడా నానితేనే కదులుతుంది. వెంటవెంటనే పంపు పెట్టి లాగితే తెరుచుకుని ఉన్న రంధ్రాల నుంచే ఇంకు పోతుంది, మూసుకుపోయినవి అలాగే ఉండిపోతాయి.

ఇలా చేసి చూడండి. ప్రింటర్ మెనూలో గానీ, కంప్యూటర్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్‌లోని మెయింటెనెన్స్ భాగంలో గానీ ‘నాజిల్ చెక్’ ఉంటుంది. మామూలు కాగితం మీద అది తీస్తే నాలుగు రంగుల్లో సన్నటి గీతల మెట్లు వస్తాయి. ఏ రంగులో ఎన్ని గీతలు తెగాయో ఆ కాగితం మీద తారీఖు వేసి దాచండి. ఒకసారి క్లీనింగ్, మళ్లీ నాజిల్ చెక్. తెగిన గీతలు తగ్గుతుంటే ఇంకోసారి. మూడోసారికీ మార్పు లేకపోతే ప్రింటర్‌ను దాని బటన్‌తోనే ఆపి 12 గంటలు వదిలేయండి. హెడ్ కింద ఉండే రబ్బరు మూతలోని తడికి ఆ బిరడా నానుతుంది. తెల్లారాక మళ్లీ నాజిల్ చెక్, ఒక్క క్లీనింగ్. మూడు నెలల ఎండు ఇలా రెండు మూడు రోజుల్లో వదలడం మామూలే. అప్పటికీ రాకపోతే ‘పవర్ క్లీనింగ్’ అనే పెద్ద మందు ఉంది. కానీ ప్రతి ట్యాంకులోనూ కనీసం మూడో వంతు ఇంకు ఉంటేనే దాన్ని వాడాలి. లేకపోతే గొట్టాల్లోకి గాలి చేరి కొత్త తలనొప్పి మొదలవుతుంది.

మీ ఆరు క్లీనింగ్‌ల ఇంకు ఎక్కడికి పోయిందంటే, ప్రింటర్ అడుగున ఉన్న స్పాంజి మెత్తలోకి. అది నిండిందని మెషిన్ లెక్కగడితే ప్రింటింగ్ ఆపేస్తుంది. కొన్ని కొత్త మోడళ్లలో ఆ మెత్త ఉండే పెట్టెను మనమే మార్చుకోవచ్చు. పాతవాటిలో సర్వీస్ సెంటర్‌కు వెళ్లక తప్పదు.

సిరంజితో స్పిరిట్ ఎక్కించే వీడియోలు మీ కంట పడే ఉంటాయి. హెడ్ పక్కనే ఎలక్ట్రికల్ కనెక్షన్ ఉంటుంది, చుక్క అటు జారితే హెడ్ కాలిపోవచ్చు. ఎప్సన్ ఇంక్‌ట్యాంకుల్లో హెడ్ మెషిన్‌లోనే బిగించి ఉంటుంది కనుక మార్పించే ఖర్చును కొత్త ప్రింటర్ ధర పక్కన పెట్టి చూసుకోవాల్సి వస్తుంది. కెనాన్ జీ సిరీస్‌లో, హెచ్‌పీ స్మార్ట్ ట్యాంకుల్లో హెడ్‌ను ఊడదీసి కొత్తది పెట్టుకునే వీలున్న మోడళ్లు ఉన్నాయి. చవక కార్ట్రిడ్జ్ ప్రింటర్లలో చాలావాటికి హెడ్ కార్ట్రిడ్జ్ మీదే ఉంటుంది. ఎండిందంటే గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన టిష్యూ కాగితం మీద దాన్ని ఒక నిమిషం అద్ది చూడొచ్చు, లేదంటే కొత్త కార్ట్రిడ్జ్ వేస్తే కొత్త హెడ్ వచ్చినట్టే. కాకపోతే చిన్న కార్ట్రిడ్జ్ వందా నూటయాభై పేజీలకే చేతులెత్తేస్తుంది.

బాగయ్యాక రెండు అలవాట్లు చేసుకోండి. నలుపు, నీలం, గులాబీ, పసుపు రంగుల్లో అంగుళం చదరాలు నాలుగు ఒక పేజీలో పెట్టుకుని ప్రతి ఆదివారం ఒక ప్రింట్ తీయండి. ప్రింటర్‌ను ఎప్పుడూ దాని బటన్‌తోనే ఆపండి. బటన్‌తో ఆపితే హెడ్ పక్కకు వెళ్లి రబ్బరు మూత మీద కూర్చున్నాకే మెషిన్ ఆగుతుంది. మధ్యలో గోడ స్విచ్ కట్టేస్తే ఎక్కడున్నది అక్కడే ఆగి, మూత లేకుండా ఎండిపోవచ్చు. 

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ని. పింఛను కాగితాలు, పాసుపుస్తకం నకళ్లు, మనవరాలి హాల్ టికెట్లు కలిపి నెలకు పది పదిహేను పేజీలు. కొన్ని నెలలు ఒక్కటీ ఉండదు. షాపువాళ్లు రంగుల ఇంక్‌ట్యాంక్ తీసుకోమంటున్నారు, పేజీకి పైసల్లోనే అవుతుందట.
– కె.ఆర్., హనుమకొండ

జవాబు: మాస్టారూ, షాపువాళ్లు చెప్పిన లెక్క నిజమే, అయితే అది రోజూ వాడేవాళ్ల లెక్క. ఎప్సన్ 003 నల్ల ఇంకు సీసా ఒక్కటి కంపెనీ లెక్కన 4,500 పేజీలు. మీరు నెలకు 15 తీస్తే పాతికేళ్లు. అంతకాలం ఇంకూ నిలవదు, హెడ్డూ నిలవదు. మీకు కావాల్సింది నలుపు తెలుపు లేజర్ ప్రింటర్.

లేజర్‌లో ఇంకు ఉండదు. టోనర్ అనేది రంగు కలిపిన సన్నటి ప్లాస్టిక్ పొడి. డ్రమ్ అనే తిరిగే గొట్టం మీద విద్యుదావేశంతో అతుక్కుని కాగితం మీదికి చేరాక, సుమారు 200 డిగ్రీల వేడిలో ఫ్యూజర్ రోలర్ దాన్ని కరిగించి అంటిస్తుంది. పొడికి ఎండిపోయే బెడద లేదు. నాలుగు నెలలు పక్కన పెట్టి ఆన్ చేసినా మొదటి ఒకటి రెండు పేజీల్లో సన్నటి అడ్డగీత రావొచ్చు, ఆ తర్వాత మామూలే.

కొనేటప్పుడు మూడు సంగతులు అడగండి. పెట్టెలో వచ్చే టోనర్ నిండుదా, ‘స్టార్టర్’ అనే సగమా? ఏడు వందల పేజీల స్టార్టరైనా మీకు దాదాపు నాలుగేళ్లు వస్తుంది, కంగారు లేదు. పేజీకి ఐదు శాతం నలుపు ఉంటుందని వేసిన లెక్క అది. నల్లగా నిండిపోయే ఆధార్ జిరాక్సులు ఎక్కువైతే ముందే అయిపోతుంది. రెండోది, డ్రమ్ టోనర్‌లోనే కలిసి ఉందా, విడిగానా? బ్రదర్‌లో విడిగా ఉంటుంది, కొత్త టోనర్ కొన్నంత మాత్రాన డ్రమ్ మారదు. మూడోది, ఆ టోనర్ మీ ఊళ్లోనే దొరుకుతుందా? ఇది మరీ ముఖ్యం. జిరాక్స్ షాపుల్లో ఏళ్లుగా తిరుగుతున్న హెచ్‌పీ 12ఏ టోనర్ ఏ పట్నంలోనైనా దొరుకుతుంది. అది పట్టే పాత హెచ్‌పీ ఎం1005, కెనాన్ ఎల్బీపీ2900 సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తుంటాయి. గట్టి మెషిన్లే, కానీ యూఎస్‌బీ తీగ తప్ప వాటికి వైఫై లేదు, ఫోన్ నుంచి నేరుగా ప్రింట్ రాదు. మీకు స్కానర్, కాపీ ఉన్నదే మేలు. కొన్ని మోడళ్లలో ‘ఐడీ కాపీ’ బటన్ ఉంటుంది, కార్డు రెండు వైపులా ఒకే పేజీ మీద వచ్చేస్తాయి.

పైసల లెక్క కూడా చూడండి. బయట ప్రింట్‌కు ఐదు రూపాయలనుకుంటే 15 పేజీలకు నెలకు 75, ఏడాదికి 900. పన్నెండు వేలు పెట్టి ప్రింటర్ కొంటే ఆ సొమ్ము తిరిగి రావడానికి పదమూడేళ్లు. డబ్బు మిగులుతుందని మాత్రం కొనకండి. రాత్రి తొమ్మిదింటికి హాల్ టికెట్ కావాల్సి వచ్చినప్పుడు, షాపు కంప్యూటర్‌లో మన ఆధార్, పాన్ ఫైళ్లు వదిలి రాకూడదనుకున్నప్పుడు ఇంట్లో ప్రింటర్ విలువ తెలుస్తుంది. మనవరాలికి ఎప్పుడైనా రంగు బొమ్మ కావాలంటే ఆ ఒక్కటీ బయట తీయించండి.

ప్రశ్న: లేజర్ ప్రింటర్‌ను ఇన్వర్టర్ లైనుకు కలపవచ్చా?
– పి.వి., నంద్యాల

జవాబు: వద్దు. ఫ్యూజర్ వేడెక్కే క్షణాల్లో చిన్న లేజర్ కూడా వెయ్యి వాట్ల దాకా లాగుతుంది. ఇళ్లలో ఉండే 900 వీఏ ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని కూస్తుంది, కంప్యూటర్ యూపీఎస్ అయితే ట్రిప్పవుతుంది. మెయిన్ లైను మీద మూడు పిన్నుల సాకెట్‌కే పెట్టండి. కరెంటు పోయినప్పుడూ ప్రింట్ తీయడం తప్పనిసరైతే ఇంక్‌జెట్టే దారి, అది ప్రింట్ తీసేటప్పుడు పది ఇరవై వాట్లకు మించదు.

ప్రశ్న: సముద్రానికి దగ్గర్లో ఉంటాం. లేజర్‌లో ఒకేసారి రెండు మూడు కాగితాలు లోపలికి పోతున్నాయి, బయటికి వచ్చినవి చుట్టలు చుట్టుకుంటున్నాయి. మెషిన్ లోపమా?
– ఎం.జి., విశాఖపట్నం

జవాబు: ముందు కాగితాన్ని అనుమానించండి. ట్రేలో వారాల తరబడి ఉన్న కాగితం గాలిలోని తేమను పీలుస్తుంది. తడిసిన కాగితాలు ఒకదానికొకటి అంటుకుంటాయి, ఫ్యూజర్ వేడికి ఒక వైపు త్వరగా ఆరి చుట్ట చుట్టుకుంటాయి. టోనర్ సరిగా అంటక అక్షరాలు పాలిపోవడానికీ ఒక్కోసారి ఇదే కారణం. 75 జీఎస్‌ఎం కాగితం కొని, రీమ్ కవర్‌లోనే మడిచి బీరువాలో పెట్టండి. కావాల్సిన పది కాగితాలే తీసి, అంచులు విసిరి ట్రేలో వేయండి. పని కాగానే మిగిలినవి మళ్లీ కవర్‌లోకి.

కొత్త కాగితంతోనూ అదే గొడవైతే కాగితాన్ని లాగే రబ్బరు రోలర్ నునుపెక్కిందన్నమాట. ప్లగ్ తీసి, నీళ్లలో తడిపి గట్టిగా పిండిన నూలు గుడ్డతో రోలర్‌ను తిప్పుతూ తుడిచి, ఆరాక వాడండి. ఇరుక్కున్న కాగితాన్ని అది వెళ్లే దిశలోనే రెండు చేతులతో లాగాలి. టోనర్ బయటికి తీస్తే మీద గుడ్డ కప్పండి, డ్రమ్‌కు వెలుతురు పడదు. పొడి బట్టల మీద పడితే దులిపి చన్నీళ్లతోనే ఉతకండి, వేడినీళ్లు తగిలితే మరక అక్కడే అతుక్కుపోతుంది.

ప్రశ్న: పంచాయతీ నుంచి వచ్చిన తెలుగు ఫైల్ ప్రింట్ తీస్తే పిచ్చి గుర్తులు వస్తున్నాయి. ప్రింటర్ మార్చాలా?
– డి.ఎన్., జగిత్యాల

జవాబు: ప్రింటర్ తప్పేమీ లేదు. ఆ ఫైల్‌ను ‘అను’ అనే పాతరకం తెలుగు ఫాంట్లలో టైపు చేసి ఉంటారు. అవి యూనికోడ్, అంటే అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే అక్షర పద్ధతి, కావు. అదే ఫాంట్ లేని కంప్యూటర్‌కు అవి ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులుగానే కనిపిస్తాయి. పంపినవాళ్లను పీడీఎఫ్ చేసి పంపమనండి. పీడీఎఫ్‌లో తెరమీద సరిగ్గా ఉండి, కాగితం మీద వత్తులు, గుడింతాలు చెదిరితే అడోబ్ రీడర్ ప్రింట్ విండోలో ‘అడ్వాన్స్‌డ్’ నొక్కి ‘ప్రింట్ యాజ్ ఇమేజ్’ పెట్టండి. పేజీని బొమ్మగా పంపుతుంది కనుక కాస్త ఆలస్యమవుతుంది, అక్షరాలు మాత్రం చెదరవు.

ప్రశ్న: ఇండియా నుంచి అమ్మ పంపే పత్రాలు ఇక్కడ ప్రింట్ తీస్తే కింది సంతకాలు తెగిపోతున్నాయి. నెలకు కొంత కట్టే ఇంకు పథకంలో చేరాలా అని కూడా ఆలోచిస్తున్నాను.
– ఆర్.టి., న్యూజెర్సీ

జవాబు: అక్కడి లెటర్ కాగితం 279 మిల్లీమీటర్ల పొడవు, మన ఏ4 297. ఆ 18 మిల్లీమీటర్లలోనే సంతకం పోతోంది. ప్రింట్ విండోలో ‘యాక్చువల్ సైజ్’ బదులు ‘ఫిట్’ ఎంచుకోండి. ఇక పథకం సంగతి: హెచ్‌పీ ఇన్‌స్టంట్ ఇంక్‌లో నెలకు ఇన్ని పేజీలని కడతారు, ప్రింటర్ ఇంటర్నెట్‌లో ఉండాలి. చందా మానేస్తే ఆ పథకం కింద వచ్చిన కార్ట్రిడ్జ్‌లో ఇంకు ఉన్నా అది పనిచేయదు. నెలకు ఐదారు పేజీలు తీసే ఇంటికి మేమైతే దాన్ని సూచించం. వైఫై ఉన్న చిన్న నలుపు తెలుపు లేజర్ చాలు. సెటప్ చేసేటప్పుడు రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌ను ఎంచుకోండి, చాలా చవక ప్రింటర్లకు 5 గిగాహెర్ట్జ్ కనబడదు.