పదిమందిలా లేకపోవడం రుగ్మత అవుతుందా? - పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా తమ్ముడికి ముప్ఫై అయిదేళ్లు. ఉద్యోగం సక్రమంగానే చేసుకుంటున్నాడు. కానీ ఎవరితోనూ పెద్దగా కలవడు, వేడుకలకు రాడు, సెలవు దొరికితే గదిలో కూర్చుని పాత రేడియోలు విప్పి బాగుచేస్తుంటాడు. ‘ఇది మామూలు మనిషి లక్షణం కాదు, మానసిక వైద్యుడికి చూపించండి’ అని బంధువులు ఒత్తిడి చేస్తున్నారు. చూపించాలా?

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి ఆ అవసరం కనిపించడం లేదు. మీ ఉత్తరంలో ఇబ్బంది పడుతున్నవారు బంధువులే గాని మీ తమ్ముడు కాదు. అతను ఉద్యోగం నిలుపుకుంటున్నాడు, తన పనులు తాను చూసుకుంటున్నాడు, ఇష్టమైన వ్యాపకంలో సంతోషం పొందుతున్నాడు. ఏకాంతాన్ని కోరుకునే స్వభావం కొందరికి చిన్ననాటి నుంచే ఉంటుంది, జీవితాంతం అలాగే కొనసాగవచ్చు కూడా.

ఇలాంటి సందర్భంలో నిపుణులు ముందుగా అడిగే ప్రశ్న ‘ఇతను నలుగురిలా ఉన్నాడా’ అని కాదు, ‘ఇతను ఇంతకుముందు కూడా ఇలాగే ఉండేవాడా’ అని. ఒకప్పుడు కలివిడిగా తిరిగిన మనిషి కొన్ని నెలలుగా గది దాటి రాకపోవడం, నిద్ర తలకిందులు కావడం, స్నానమూ తిండీ పట్టించుకోకపోవడం, ఎవరో తనను వెంటాడుతున్నారని గట్టిగా నమ్మడం, అంతగా ఇష్టపడిన రేడియోలను కూడా ముట్టుకోకపోవడం వంటి మార్పులు కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. మరొక సంగతి కూడా తెలుసుకోవాలి. మనుషుల్లోకి వెళ్లాలని లేక వెళ్లని వాళ్లు ఒక రకం, వెళ్లాలని ఉన్నా నలుగురూ తనను తప్పుబడతారన్న భయంతో వెళ్లలేనివాళ్లు మరొక రకం. పైకి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు గాని, రెండో స్థితి మనిషిని లోలోపల బాగా నలిపేస్తుంది, దానికి మంచి చికిత్స కూడా ఉంది. మీ తమ్ముడు ఈ రెండింటిలో ఏ కోవకు చెందుతాడో అతన్నే అడగండి. చాలా ఇళ్లలో అందరినీ సంప్రదించాక చివరికి మిగిలిపోయేది ఈ పనే.

ప్రశ్న: నేను డిగ్రీలో మనస్తత్వ శాస్త్రం చదువుతున్నాను. అపసామాన్య ప్రవర్తన అంటే సగటుకు దూరంగా ఉండటమని ఒకచోట, సామాజిక నియమాలను మీరడమని మరోచోట, మనిషికి బాధ కలిగించేదని, రోజువారీ జీవితాన్ని దెబ్బతీసేదని, ప్రమాదకరమైనదని ఇంకోచోట ఉంది. వీటిలో సరైనది ఏది? ఒకే వాక్యంలో నిర్వచించలేరా?

జవాబు: నిర్వచించాలని చూసినవారు చాలామంది ఉన్నారు గాని, ప్రతి కొలమానమూ ఏదో ఒక దగ్గర మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. సగటు సంగతే తీసుకోండి. ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూ) పరీక్షల్లో సగటు 100గా, ప్రమాణ విచలనం, అంటే అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత, 15గా ఉండేలా అమర్చుతారు. 70 కన్నా తక్కువ వచ్చేవారు జనాభాలో సుమారు 2 శాతం ఉంటే, 130 దాటేవారూ దాదాపు అంతే ఉంటారు. లెక్క ప్రకారం ఇద్దరూ సగటుకు సమాన దూరంలోనే ఉన్నా, రెండో వర్గాన్ని ఎవరూ చికిత్సకు పంపరు. మొదటి వర్గంలోనైనా అంకె ఒక్కటే చూసి బౌద్ధిక వైకల్యం ఉందని తేల్చడానికి వీల్లేదు. ఆ వ్యక్తి సొంత పనులు చేసుకోవడంలో, ఇతరులతో మెలగడంలో ఎంత ఇబ్బంది పడుతున్నాడో కూడా చూసి తీరాలి. అంతేకాదు, చాలామందిలో ఉన్నంత మాత్రాన ఏదీ ఆరోగ్యం అయిపోదు. లోకంలో ఎక్కువమందికి పళ్లు పుచ్చుతాయి గాని, పుచ్చిపన్నును ఆరోగ్య లక్షణమని ఎవరూ అనరు.

బాధను కొలమానంగా తీసుకుంటే మరో చిక్కు వస్తుంది. ఉన్మాద స్థితిలో (మేనియా, అంటే ఉత్సాహం అదుపు తప్పి పొంగే రుగ్మతలో) ఉన్న మనిషి రాత్రికి రెండు మూడు గంటలే నిద్రపోయి, చేతిలో ఉన్నదంతా ఖర్చుచేసి, అసాధ్యమైన పథకాలు వేస్తూ కూడా తాను ఎన్నడూ లేనంత హాయిగా ఉన్నానని చెప్పవచ్చు. బాధ కుటుంబానిది, రుగ్మత అతనిది. మరోవైపు, ఉద్యోగం పోయిన మనిషి పడే వేదన తీవ్రమైనదే అయినా, అది రుగ్మత కాకపోవచ్చు. జీవితాన్ని దెబ్బతీయడం అన్న కొలమానం వీటికన్నా గట్టిదని నా అభిప్రాయం. అయితే ఒక ఆశయం కోసం నిరాహారదీక్షకు కూర్చున్న వ్యక్తి తన ఆరోగ్యాన్నీ పనినీ తెలిసి తెలిసీ పణంగా పెడతాడు, అది అతని నిర్ణయమే తప్ప రుగ్మత కాదు. ఇక ప్రమాదం మాటకొస్తే, ప్రాణాలకు తెగించి కొండలెక్కేవారిని మనం మెచ్చుకుంటాం కూడా.

అందువల్ల నిపుణులు వీటిని విడివిడిగా కాక కలిపి చూస్తారు. తాళం వేశామా లేదా అని వెనక్కి వచ్చి చూసుకోని మనిషి అరుదు. ఆ పరీక్షించడమే రోజుకు గంటకు పైగా సమయం మింగేస్తున్నప్పుడు, ఆపుకోవాలని ఎంత ప్రయత్నించినా ఆపుకోలేక మనిషి నలిగిపోతున్నప్పుడు, దాని వల్ల పనికి వెళ్లలేని స్థితి వచ్చినప్పుడు ఓసీడీ (అదుపు చేసుకోలేని ఆలోచనలు, పదేపదే చేసే పనుల రుగ్మత) అనే ఆలోచన వస్తుంది. ఇక్కడ ప్రవర్తన కొత్తదేమీ కాదు. దాని తీవ్రత, అది తినేసే సమయం, దాని మీద మనిషికి పట్టు తప్పిపోవడం కలిసి దాన్ని రుగ్మతగా మారుస్తున్నాయి.

ఒకే వాక్యం కావాలంటే అమెరికన్ పండితుడు జెరోమ్ వేక్‌ఫీల్డ్ 1992లో ప్రతిపాదించినది దానికి దగ్గరగా వస్తుంది. మనసులోని ఏదైనా యంత్రాంగం తన సహజమైన పని తాను చేయలేకపోవాలి, ఆ వైఫల్యం వల్ల ఆ సమాజపు విలువల ప్రకారం మనిషికి హాని జరగాలి. ఈ రెండూ కలిస్తేనే రుగ్మత అని ఆయన వాదన. వినడానికి బాగానే ఉంటుంది గాని, మనసులో ఏ భాగపు ‘సహజమైన పని’ ఏమిటో తేల్చడం గుండె విషయంలో తేల్చినంత తేలిక కాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన డీఎస్ఎమ్-5 (మానసిక రుగ్మతలను గుర్తించడానికి వైద్యులు వాడే గ్రంథం) కూడా ఆలోచనలో, ఉద్వేగాల అదుపులో, ప్రవర్తనలో కనిపించే గణనీయమైన అలజడిని లోపలి వైఫల్యానికి సూచనగా పరిగణిస్తూ, దానికి సాధారణంగా బాధో అశక్తతో తోడుగా ఉంటుందని చెప్పింది. అందులోని ‘సాధారణంగా’ అన్న మాటను పరీక్షలో వదిలేయకండి. ఉన్మాద స్థితిని ఆ మాట లేకుండా వివరించలేరు.

తలకిందులుగా, ముందు ఆరోగ్యాన్ని నిర్వచించి అది లేనిదే రుగ్మత అనుకుందామనే ప్రయత్నమూ జరిగింది. 1958లో మనస్తత్వవేత్త మేరీ యహోడా మానసిక ఆరోగ్యానికి తనను తాను తెలుసుకోవడం, స్వతంత్రంగా వ్యవహరించడం, వాస్తవాన్ని ఉన్నదున్నట్టు గ్రహించడం వంటి ఆరు గుణాలు చెప్పారు. ఆదర్శంగా అవి గొప్పవే గాని, ఆ ఆరింటిలోనూ ఉత్తీర్ణులయ్యేవారు ఎందరుంటారన్నది సందేహమే.

ప్రశ్న: స్వలింగ సంపర్కాన్ని ఒకప్పుడు జబ్బు అన్నారు, తర్వాత ఓట్లు వేసి కాదన్నారు. ఓట్లతో మారిపోయేది శాస్త్రం ఎలా అవుతుంది?

జవాబు: ఓటు జరిగిన మాట నిజం. 1973లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ పాలకమండలి దాన్ని రుగ్మతల జాబితా నుంచి తొలగించింది. కొందరు వ్యతిరేకించడంతో 1974లో సభ్యులందరి అభిప్రాయం కోరగా, ఓటు వేసినవారిలో 58 శాతం ఆ నిర్ణయాన్ని సమర్థించారు. అయితే ఓటు దాకా వచ్చేలోపు జరిగిన పరిశోధనను మరిచిపోకూడదు. మనస్తత్వవేత్త ఎవలిన్ హుకర్ 1957లో ప్రచురించిన అధ్యయనంలో స్వలింగ సంపర్కులైన పురుషులకూ ఇతర పురుషులకూ ఒకే మానసిక పరీక్షలు పెట్టి, పేర్లు తీసేసి, ఫలితాలను నిపుణుల ముందుంచారు. ఎవరు ఏ వర్గానికి చెందినవారో నిపుణులు పోల్చుకోలేకపోయారు. అంతవరకూ చికిత్సకు వచ్చినవారిని మాత్రమే చూసి ఆ వర్గమంతా అలాంటిదేనని తీర్మానించడమే అసలు లోపం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తన వర్గీకరణ నుంచి దాన్ని తొలగించింది.

సామాజిక నియమాన్ని ఏకైక కొలమానంగా వాడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా దారుణమైన ఉదాహరణలు ఉన్నాయి. 1851లో అమెరికాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు, బానిసలు పారిపోవడాన్ని ఒక మానసిక వ్యాధిగా వర్ణించి, దానికి ‘డ్రాపెటోమేనియా’ అని పేరు పెట్టి, కొరడా దెబ్బలను కూడా నివారణగా సూచించాడు. సోవియట్ యూనియన్‌లో ప్రభుత్వాన్ని విమర్శించిన కొందరికి ‘మందకొడి స్కిజోఫ్రీనియా’ (మెల్లగా ముదిరే తీవ్ర మానసిక వ్యాధి) అని ముద్ర వేసి ఆసుపత్రుల్లో బంధించారు. ఈ అనుభవాల తర్వాతనే, రాజకీయంగానో మతపరంగానో లైంగికంగానో సమాజానికి ఎదురు నిలవడం దానంతట అది మానసిక రుగ్మత కాదన్న నియమం డీఎస్ఎమ్ నిర్వచనంలో చోటు చేసుకుంది. మీ అనుమానం అవసరమైనదే. కానీ దాన్ని కుంగుబాటుకూ స్కిజోఫ్రీనియాకూ వర్తింపజేసి ‘అన్నీ కల్పితాలే’ అంటే, ఆ బాధ అనుభవిస్తున్నవారికి అన్యాయం చేసినవాళ్లమవుతాం.

ప్రశ్న: మానసిక రోగులు ప్రమాదకరమైనవారు కారా?

జవాబు: అత్యధికులు కారు. హింసకు పాల్పడేవారికన్నా హింసకు గురయ్యేవారే వారిలో ఎక్కువ. మద్యం, మాదకద్రవ్యాలు తోడైనప్పుడు ప్రమాదం పెరుగుతుంది, అది అందరి విషయంలోనూ అంతే. కుటుంబం నిజంగా అప్రమత్తంగా ఉండాల్సింది ఆత్మహత్య ఆలోచనల గురించి.

ప్రశ్న: నా వయసు యాభై ఎనిమిది. మా వారు పోయి నాలుగు నెలలైంది. సాయంత్రం పూట ఆయన నన్ను పిలిచినట్టు స్పష్టంగా వినిపిస్తోంది, ఒక్కోసారి పక్కనే ఉన్నట్టు అనిపిస్తోంది. పిల్లలకు చెబితే భయపడతారని చెప్పలేదు. నాకు మతి చలిస్తోందా?

జవాబు: లేదమ్మా. మీకు జరుగుతున్నది చాలామందికి జరుగుతుంది, చాలామంది మీలాగే ఎవరికీ చెప్పరు. డెవి రీస్ అనే వైద్యుడు 1971లో ప్రచురించిన అధ్యయనంలో, జీవిత భాగస్వామిని కోల్పోయిన 293 మందిని ప్రశ్నించగా దాదాపు సగం మంది తమ భాగస్వామి దగ్గరే ఉన్నట్టు అనిపించడమో, కనిపించడమో, మాట వినిపించడమో జరిగిందని చెప్పారు. వారిలో ఎక్కువమందికి ఆ అనుభవం ఊరటే ఇచ్చింది. లేని స్వరం వినిపించడాన్ని పుస్తకాలు భ్రాంతి అంటాయి గాని, అదే స్వరం ఎవరికి, ఏ పరిస్థితిలో, ఏమని వినిపిస్తోందన్నది చూడకుండా దానికి అర్థం చెప్పలేం. ఆత్మీయులు పోయినప్పుడు కలిగే సహజమైన స్పందన రుగ్మత కాదని డీఎస్ఎమ్-5 నిర్వచనంలోనే ఉంది.

పిల్లలకు చెప్పండి. ఈ జవాబును చూపించినా సరే. అయితే ఆ గొంతు మిమ్మల్ని నిందిస్తున్నా, ఏదైనా చేయమని ఆజ్ఞాపిస్తున్నా, తెలియని గొంతులు కూడా కలిసినా, లేదా బతకాలని లేదన్న ఆలోచన వస్తున్నా వెంటనే వైద్యుణ్ని కలవండి. ఏ గొంతూ వినిపించకపోయినా, రోజులో ఎక్కువ భాగం దుఃఖం ఇంతే తీవ్రంగా ఉండి, నెలలు గడిచినా ఏ పనీ చేయనివ్వకపోతే అది వేరే సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ అలాంటి స్థితిని ఆరు నెలల తర్వాత, 2022 నాటి డీఎస్ఎమ్ సవరణ పెద్దవారిలో ఏడాది తర్వాత దీర్ఘకాల శోక రుగ్మతగా పరిగణిస్తాయి. దానికి ప్రత్యేకమైన కౌన్సెలింగ్ ఉంది. ఆ గడువు వచ్చేదాకా ఆగాలని మాత్రం అనుకోకండి, భారం మోయలేననిపించిన రోజునే సాయం అడగవచ్చు.