పాలీశాకరైడ్‌ను పట్టుకున్న బి కణానికి టి కణం సాయం ఎలా అందుతుంది?

రోగనిరోధక వ్యవస్థలోని టి కణం ప్రొటీన్ ముక్కలనే గుర్తిస్తుంది కదా, మరి హిబ్ (హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజా టైప్ బి) బాక్టీరియా పైపొరలోని చక్కెర అణువుల గొలుసైన పాలీశాకరైడ్‌ను పట్టుకున్న, యాంటీబాడీలు తయారుచేసే బి కణానికి అది ఎలా సాయపడుతుందని మీరు అడిగారు. ఆ రెండు కణాలూ ఒకే అణువులోని వేర్వేరు భాగాలను గుర్తిస్తాయి. చాలా వివరణలు దాటవేసే మెట్టు ఇదే. హిబ్ టీకాలో పాలీశాకరైడ్‌ను టెటనస్ టాక్సాయిడ్ (హాని చేయకుండా మార్చిన ధనుర్వాత విషం) వంటి ప్రొటీన్‌కు రసాయనికంగా జతచేస్తారు కనుక, బి కణం తన గ్రాహకంతో పాలీశాకరైడ్‌ను పట్టుకుని, దానికి అంటుకున్న ప్రొటీన్‌తో సహా లోపలికి తీసుకుని, ఆ ప్రొటీన్‌ను ముక్కలు చేసి కణం ఉపరితలంపై ముక్కలను చూపే ఎంహెచ్‌సీ-2 అణువులపై ప్రదర్శిస్తుంది. ఆ ముక్కను గుర్తించిన సహాయక టి కణం తన ఉపరితలంపై ఉండే సీడీ40 లైగాండ్ అనే ప్రొటీన్ ద్వారా, సైటోకైన్లనే సంకేత ప్రొటీన్ల ద్వారా సంకేతమిచ్చినప్పుడు, బి కణం విభజన చెంది పాలీశాకరైడ్‌పైనే యాంటీబాడీలను తయారుచేస్తుంది. రెండింటినీ జతచేయకుండా ఊరికే కలిపి ఇస్తే ఈ సాయం అందదు. మన పిల్లలకు ఇచ్చే పెంటావాలెంట్ (ఐదు వ్యాధుల నుంచి రక్షించే) టీకాలో హిబ్ భాగం జతచేసిన రూపంలోనే ఉండడానికి కారణం ఇదే.